అమ్మ పగడాలు తెమ్మంటే

తాళిలో గుచ్చుకోవడానికి రెండు పగడాలు తెమ్మని అమ్మ అడిగితే, నాన్న ప్రాణమున్న పగడాన్ని తెచ్చాడు. బంధువుల పెళ్ళికని ఒక్కడే విశాఖపట్నం వెళ్ళి, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాతో భిలాయి తిరిగొచ్చాడు. డబ్బాలో సముద్రపు నీళ్ళు, నీళ్ళలో పిడికెడంత రాయి, రాయి మీద నారింజ రంగు బుడిపెలు. వలలో చిక్కుకుందని ఒక జాలరి ఇచ్చాడట. వెనకాల రిక్షావాడు మోసుకొచ్చిన మరో రెండు డబ్బాల నిండా ఉత్త సముద్రమే.

"ఏటిది?" అంది అమ్మ.

"పగడం. నువ్వే కదా తెమ్మన్నావు."

"నేను తెమ్మన్నది మెళ్ళో ఏసుకునేది."

"అది సచ్చిపోయిన పగడం. ఇది బతికున్నది. ఏది గొప్ప?"

ఆడవాళ్ళ సరుకుల చీటీ చేతికిస్తే నాన్న ఏదో ఒకటి మరచిపోవడం మాకు మామూలే. మరచిపోయినదాన్ని గొప్పగా మార్చుకోవడం మాత్రం అదే మొదటిసారి.

నాన్న స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసేవాడు. నీలం అద్దంలోంచి కొలిమిలోకి చూసి, లోపల ఇనుము ఎలా ఉందో చెప్పేస్తాడని పేరు. దాంతో లోకంలో దేన్నైనా చూస్తే చాలు, తెలిసిపోతుందని ఆయన నమ్మకం. అమ్మ మనసు ఒక్కటే దానికి మినహాయింపు.

వంటింటి గుమ్మం పక్కన గాజుతొట్టె వెలిసింది. దుర్గ్ బజారు నుంచి రంగు చేపలకు వాడే గాలి పంపు వచ్చింది. "చామంతి పువ్వులా విచ్చుకుంటాది చూడు" అని వీధి వీధంతా చెప్పాడు నాన్న. జనం వచ్చారు, చూశారు, టీ తాగి వెళ్ళారు. పక్క క్వార్టరు ఆంటీ తొట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, "భాభీజీ, యే తో పత్థర్ హై" అని, అది ఉత్త రాయేనని తేల్చేసింది. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సెలవుల్లో విశాఖ వెళ్ళేవాళ్ళని అందరూ ఎండుచేపలు తెమ్మని అడిగితే, నాన్న సముద్రం తెమ్మని అడిగేవాడు. ప్లాంటులో ఆయనకు కొత్త పేరు కూడా పెట్టారు కానీ, అది ఇక్కడ రాయను.

పగడం మాత్రం విచ్చుకోలేదు. మొక్క లాంటిదే కదా, వెలుగు చాలడం లేదని నాన్న తొట్టె మీద ట్యూబులైటు బిగించాడు. అది ఇంకా ముడుచుకుంది. రెండో ట్యూబులైటు బిగించాడు. బుడిపెలు రాయిలోకి దూరిపోయాయి. డ్యూటీ నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా తొట్టె ముందు చతికిలబడేవాడు. ఒకరోజు ఫర్నేసు నీలం అద్దం కూడా కంటికి పెట్టుకుని చూశాడు. ఏం కనబడిందని అడిగితే, నీలంగా ఉందన్నాడు.

నవ్వొచ్చేది కానీ నాకు జాలి కూడా వేసేది. ఆ పగడం అమ్మ కళ్ళముందు ఒక్కసారి విచ్చుకోవాలి, అమ్మ బాగుందనాలి, ఆయనకు కావలసింది అంతే. అమ్మ సముద్రం ఒడ్డున పుట్టి పెరిగింది. పెళ్ళై ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఈ ఊరి గాలికి ఉప్పు లేదని ఏడ్చిందట. పగడం రోజురోజుకీ చిక్కిపోతుంటే నాన్న మొహం కూడా అలాగే అయిపోయింది.

అసలు సంగతి నేను వేసవి సెలవుల్లో కనిపెట్టాను. నాన్న డ్యూటీకి వెళ్ళగానే కరెంటు దండగని అమ్మ ట్యూబులైట్లు ఆర్పేసేది. గాజుకు పట్టిన పాచి తుడవడం ఆయన ఆమెకు అప్పగించిన పని. రొయ్యలు ఒలుస్తూ ఒలుస్తూ లేచి, చెయ్యి కడుక్కోకుండానే తొట్టెలో పెట్టేసేది. "ఉప్పునీళ్ళే కదా, దానికేటవుతాది" అనేది. కాసేపటికి బుడిపెలు మెల్లగా ఉబ్బి, లోపల నుంచి పసుపు రేకులు బయటికి వచ్చేవి. సాయంత్రం నేను చెబితే నాన్న నమ్మలేదు. తానున్నప్పుడు విచ్చుకోనిది లేనప్పుడెందుకు విచ్చుకుంటుందని ఆయన వాదన.

చివరికి ఒకనాడు ముసురు పట్టిన మధ్యాహ్నం, ఫస్ట్ షిఫ్టు ముగించుకుని నాన్న చప్పుడు లేకుండా లోపలికి వచ్చాడు. అమ్మ చెయ్యి మోచేతి దాకా తొట్టెలో ఉంది. పగడం పూర్తిగా విచ్చుకుని, రేకులన్నీ ఆమె వేళ్ళ వైపు చాచి ఉంది.

"కదలకు" అన్నాడు నాన్న గుమ్మంలోనే నిలబడిపోయి. చాలాసేపు చూశాక, చిన్నపిల్లాడిలా ఉక్రోషంగా అడిగాడు. "ఇంత చేశాను, మరి నాకెందుకు విచ్చుకోదే?"

"మీరు లైట్లేసి దాని మొహంలోకి సూస్తారు. దానికి ఆకలేస్తంది. రొయ్యల వాసన తగిలితే నోరు తెరస్తాది" అంది అమ్మ నవ్వుతూ. "సముద్రంలోంచి తెచ్చీసి ఇక్కడెట్టీసి, ఎలగున్నాదో అని రోజూ సూస్తే సరిపోతాదేటి? తిన్నావా అని అడగొద్దా?"

ఆమె పగడం గురించే అంది. నాన్న మాత్రం నవ్వలేదు. బూట్లు విప్పి గోడ పక్కన పెట్టి, అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు తిన్నావా?" అన్నాడు.

అమ్మ చెయ్యి నీళ్ళలోనే ఉంచింది. నవ్వు మాత్రం ఆగిపోయింది.

"నేదు" అంది. "మీరు రాకుండా నేనెప్పుడు తిన్నాను?"