ఆత్మకూరు బస్టాండులో మా ట్రైనింగు

నేను డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు మా ఆత్మకూరు కాలేజీలో ఆడపిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చారు. కళ్ళెదుట ఎవడైనా ఆడపిల్లను వేధిస్తున్నా, కొడుతున్నా చూస్తూ నిలబడకుండా ఏం చేయాలో నేర్పే ట్రైనింగ్. నెల్లూరు నుంచి వచ్చిన మేడం బాగానే చెప్పింది: వాడితో గొడవకు దిగొద్దు, ఆ అమ్మాయితో మాట కలపండి, ఒంటరిగా వదలొద్దు. తర్వాత ప్రిన్సిపాల్ సారు మైకు అందుకుని, ఆడపిల్లలు తలొంచుకుని ఇంటికి పోతే ఇవేవీ అవసరం రావని సెలవిచ్చారు. చప్పట్లు ఆ మాటకే ఎక్కువ పడ్డాయి. కొట్టింది లెక్చరర్లు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేనూ, మా క్లాసు స్నేహితురాలూ ఉదయగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాం. దానిది గొర్రెలు మేపుకునే కుటుంబం, నోరు జాస్తి. కాస్త అవతల మా సీనియర్ అక్క. పెళ్ళి కుదిరిన మేనబావ ఆమె మణికట్టు మెలిపెట్టి ఫోన్ అడుగుతున్నాడు. ఆమె ఇవ్వలేదు. చెంప మీద ఒకటి వేశాడు. బస్టాండు నిండా జనం. ఒక కండక్టరు టికెట్ మిషన్‌లో ఏదో వెతుక్కున్నాడు. ఒక పెద్దాయన "కాబోయే మొగుడంట, మనకేంది" అని తీర్పు చెప్పి, శెనక్కాయలు ఒలుచుకున్నాడు.

నేనూ బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడ్డాను. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టి అక్క దగ్గరికి లాక్కుపోయింది.

"అక్కా, బస్సు వచ్చేసింది. నీకు సీటు పట్టినాను, రా" అంది. బస్సూ లేదు, సీటూ లేదు.

"ఎవరు నువ్వు?" అన్నాడు అతను.

"జూనియర్ని. అక్క మాకు లెక్కలు చెప్తాది. రేపు పరీక్ష ఉండాది."

ఇద్దరం ఆమెకు చెరో పక్కన నిలబడ్డాం. జనం అతని వైపు చూడటం మొదలుపెట్టారు. అతను చెయ్యి వదిలి, బండెక్కి పోయాడు. "నేనే అడుగుదామనుకున్నా" అన్నాడు శెనక్కాయల పెద్దాయన.

బస్సు వచ్చాక ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. ఆ అక్క, "మా నాయనకు మీరొచ్చి చెప్తారా? నేను చెప్తే నమ్మడు" అంది.

ఆదివారం వెళ్ళాం. వాళ్ళ నాయన ఊళ్ళో పంచాయితీలు తీర్చే మనిషి. అంతా విని, "ఒక్క దెబ్బకే పెళ్ళి ఆపుకుంటారా అమ్మా?" అన్నాడు.

"ఎన్ని దెబ్బలకు ఆపుకోవాల పెదనాయనా?" అంది నా స్నేహితురాలు.

అక్క పట్టు వదల్లేదు. కొన్ని నెలలు నానిన తర్వాత ఆ పెళ్ళి ఆగింది. అక్క ఇప్పుడు నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటోంది. ఏడాది తిరక్కుండానే మేనబావకు ఇంకో సంబంధం కుదిరింది. కుర్రాడు బుద్ధిమంతుడని పిల్ల తరఫువాళ్ళకు హామీ ఇచ్చింది అక్క వాళ్ళ నాయనే.