తొంభై ఏడు దగ్గర

పదో తరగతిలో, చిలకలగూడలో ఒక రేకుల గదిలో మాకు లెక్కల ట్యూషన్ చెప్పిన సారు ఏ సంఖ్య కనబడినా "పగులుతదా, పగలదా?" అని, అంటే వేరే సంఖ్యతో భాగం పోతుందా లేదా అని, అడిగేవాడు. గల్లీలో ఆగిన ఆటో నంబరునైనా వదిలేవాడు కాదు. చేతిలో ఎప్పుడూ ఇనుప స్కేలు ఉండేది.

పదివేల దరిదాపు సంఖ్యయితే నూరులోపు ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా భాగించి చూడాలి. మధ్యలో ఆగి "పగలదు" అని తప్పు చెబితే, ఎన్నిటిని వదిలేశామో అన్ని దెబ్బలు. పదివేల ఒకటిని నేను డెబ్బై ఒకటి దాకా భాగించి, విసుగొచ్చి ఆపేసి, పగలదన్నాను. అది డెబ్బై మూడుతో పగులుతుంది. వదిలేసినవి ఐదు. ఐదో దెబ్బకు వేళ్ల కణుపులు చిట్లి నోటుబుక్కు మీద నెత్తురు పడింది.

"ఇంకొక్కటి చూస్తే పగులుతుండె గద" అన్నాడు సారు.

నెల తిరక్కుండా ఆయనే బోర్డు మీద 9991 వేసి, ఎనభై తొమ్మిది దాకా చూసి, "ఇది పగలదు" అన్నాడు.

"తొంభై ఏడుతో పోతది సార్. తొంభై ఏడు ఇంటూ నూట మూడు" అన్నాను.

గుణించి చూసుకున్నాడు. స్కేలు నా చేతికిచ్చి, కుడిచెయ్యి చాపాడు. "కొట్టు."

ఆయన వదిలేసింది ఒక్కటే. నేను ఐదు కొట్టాను. చర్మం లేచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఒక్కటే గద బిడ్డా. నాలుగు ఎక్కువైనయ్. ఇగ నీ చెయ్యి చాపు."

తన కుడిచేతి వేళ్లు ముడుచుకోకపోతే స్కేలు ఎడమచేత్తో పట్టుకుని, నాలుగూ లెక్కపెట్టి కొట్టాడు. ఒక్కటీ మెత్తగా పడలేదు.