మూడో నంబరు ప్లేటు

హన్మకొండలోని ఓ పిల్లల ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నేను చేరిన ఆరేళ్లకు వర్ధన్నపేట నుంచి ఇంకొకతను అదే పనికి వచ్చాడు. పురిటిబిడ్డకు రక్తం తీయాలంటే నరం నాకు రెండు మూడు పోట్లకు గానీ దొరకదు. అతనికి ఒక్క పోటుకే దొరికేది. నేను సూది పట్టుకుని వార్డులోకి వెళితే తల్లులు నా వెనక్కి చూసేవారు.

"ఆ తమ్ముడు రాలేదా? గాయననే పంపుండ్రి సారూ. గాయన పట్టుకుంటె పిల్ల ఏడ్వది."

నవ్వి వచ్చేసేవాణ్ని. ఆ పూట అన్నం సహించేది కాదు.

ఒకసారి ఇద్దరు పసివాళ్లకు ఒంటిమీద చీముపొక్కులు లేచాయి. వార్డులో తిరిగే అందరి ముక్కుల్లోంచీ దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షించమన్నారు డాక్టరమ్మ. ఆ పని నాదే. ఆ నమూనాలు పూసి బ్యాక్టీరియా పెరగనిచ్చిన గాజు ప్లేట్లను మర్నాడు తెరిచాను. అందరివాటిలోనూ మనుషుల చర్మంమీద మామూలుగా బతికే బ్యాక్టీరియా, తెల్లని చుక్కలు. ఒక్కదానిలో మాత్రం పసుపుపచ్చని చుక్కలు, పొక్కుల చీమునుంచి పెరిగినవాటిలాంటివే. అడుగున రాసిన నంబరు మూడు. అది నాది.

ఆ పసుపుపచ్చ బ్యాక్టీరియా ఎవరి ముక్కులోనైనా ఉండొచ్చు, తప్పు కాదు. కొన్నాళ్లు మందు పూసుకుంటే చాలు. ఇదంతా తెలిసీ, దూదికి స్పిరిట్ అద్ది, నా నంబరూ అతని నంబరూ చెరిపి తారుమారుగా రాశాను.

అతణ్ని వార్డుకు రావద్దన్నారు. ముక్కులో పూసుకోవడానికి ట్యూబు ఇచ్చారు.

"నా ముక్కుల ఇంత పంట పండుతాందని నాకే తెల్వదన్నా!" అని నవ్వాడు.

మూడు రోజులు వార్డంతా నాదే. తల్లులకు వేరే దిక్కు లేదు. నాకు నిజంగానే సంతోషం కలిగింది. మందు అడిగితే బయటపడతానని అడగలేదు. చేతులు మాత్రం మోచేతులదాకా కడిగాను. నాలుగో రోజు ఉదయం, నేను కాలు పట్టుకుని రక్తం తీసిన ఓ ఆడపిల్ల చీలమండమీద పొక్కు కనిపించింది.

"చీమ కుట్టిందేమో గదా సారూ?" అంది తల్లి.

నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లి అంతా చెప్పేశాను. పాపకు వారంలో తగ్గింది. నన్ను ఆ రోజే వార్డు పనినుంచి తప్పించారు.

ఆ సాయంత్రం అతను సగం పిండిన ట్యూబును నా బల్లమీద పెట్టాడు.

"ఇది నీ మందే అన్నా. మూడు రోజులు నీ బదులు నేను పెట్టుకున్న."

ట్రే తీసుకుని వార్డులోకి వెళ్లాడు. "అచ్చినవా తమ్మీ!" అని ఎవరో తల్లి అనడం వినిపించింది. అప్పుడు కూడా నాకు కడుపు మండింది.