కాపలా బొమ్మ

నాకు ముక్కుమీద కోపం. ఈ మాట మా ఆవిడ అంటే ఒప్పుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు. తమిళనాట తిరువొత్తియూరులో దేవుళ్లకు కవచాలు చేసే ఇల్లు మాది. రాగిరేకో, ఇత్తడిరేకో, స్తోమత ఉన్న గుడికైతే వెండిరేకో తీసుకుని, వెనక లక్క పోసి, ఉలితో కన్నూ ముక్కూ తేల్చి, రాతి విగ్రహం మీద అతికినట్టు కూర్చోబెట్టాలి. ఆ పని చేతిలో ఉన్నన్నాళ్లు ఇంట్లో నీచు వండం. చావింటి గడప తొక్కం.

నేను పక్కవీధి అమ్మవారి కవచం మీద ఉన్న రోజుల్లో, అంబత్తూరు నుంచి ఒకామె ఆటోలో వచ్చింది. మన తెలుగువాళ్లే, నలభై అయిదేళ్లుంటాయి. ఒళ్లో పట్టుకొచ్చిన మూటను బల్లమీద పెట్టి గుడ్డ విప్పింది.

మూరెడు ఎత్తు బొమ్మ. లోపల చెక్క, ముందువైపంతా ఇత్తడి రేకు, దానిమీద సన్నటి రాగి పట్టీలు. కోడిగుడ్డు లాంటి ముఖం, గుండ్రటి కళ్లు, తలపైన నెలవంక ఆకారపు కిరీటం. ఒళ్లంటూ లేదు. మెడ కింద గాలిపటం ఆకారంలో ఒక చెక్క, అంతే. ఆ చెక్కను ఒక పేము బుట్టలోకి దించి తాళ్లతో కట్టారు. రేకులు అంచుల దగ్గర లేచిపోయాయి.

"ఏందమ్మా ఇది? నోరే లేదు!" అన్నాను.

"కాపలావాడికి నోరెందుకన్నా? కళ్లుంటే చాలదా?"

ఆ జవాబు నాకు నచ్చింది. ఆమె భర్త గాబన్ దేశంలో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశాడట. అక్కడి కోటా జాతివాళ్ల బొమ్మ అట ఇది. పాతది కాదు, ఒక పనివాడి దగ్గర కూర్చుని మరీ చేయించుకున్నాడట. ఉద్యోగం మానుకుని ఇంటికొచ్చాక ఒకరోజు గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. పురసవాక్కంలో బట్టల కొట్టున్న బావగారు, అంటే భర్తకు అన్న, ఆమెకు పెద్దదిక్కు. ఆయన కొడుకే కర్మ చేశాడు.

"వచ్చే నెల సంవత్సరీకం. ఏ దేశపు దయ్యమో ఏమో, ఆ లోపల దీన్ని ఇంట్లోంచి తీసెయ్ అంటావుండాడు మా బావగారు. కాళ్లా వేళ్లా పడితే, సరి, బాగుచేయించు, లక్షణంగా ఉంటే చూద్దాం అన్నాడు. ఇంక అంతా నీ చేతిలో ఉండాదన్నా. ఇది పోతే నేను బతకలేను," అంది. ఆ ఆఖరు మాట మామూలుగా, బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. వెళ్తూ వెళ్తూ, "బుట్ట మాత్రం కదిలించొద్దు," అని రెండుసార్లు చెప్పింది.

బుట్ట కదిలించకుండా పని ఎట్లా అవుతుంది? రేకు పని తెలియనివాళ్లు చెప్పే మాట అది. మర్నాడే తాళ్లు విప్పాను. బుట్ట అడుగున పసుపు గుడ్డలో ముడివేసిన చిన్న పొట్లం కనిపించింది. పసుపు గుడ్డ అంటే మన ఇళ్లల్లో ఏమిటి? ఏడుకొండలవాడి ముడుపు. పాపం, భర్త బాగుండాలని మొక్కుకుని ఉంటుంది, తీర్చుకునే లోపల ఆయనే పోయాడు అనుకున్నాను. కళ్లకద్దుకుని మా ఆవిడకిచ్చాను. ఆమె పూజగదిలో వెంకటేశ్వరుడి పటం ముందు పెట్టి, రోజూ దీపం వెలిగించింది. వెలిగించినప్పుడల్లా దానిమీద ఒక పువ్వు పెట్టింది.

నేను బొమ్మ మీద పడ్డాను. ఆ పనివాడెవరోగానీ, చెయ్యెత్తి మొక్కాలి. రాగి పట్టీల అంచులు ఎక్కడా గరుకు తేలకుండా మడిచాడు. మాకు రేకు వెనక రాయి, వాళ్లకు చెక్క. అంతే తేడా. లేచిన చోటల్లా సుత్తితో అణిచి, ఊడిన మేకులకు బదులు కొత్తవి దిగ్గొట్టి, చింతపండుతో తోమాను. ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది.

పదో రోజున ఆమె వచ్చింది. బుట్ట లేకుండా విడిగా నిలబెట్టిన బొమ్మను చూడగానే ముఖం పాలిపోయింది.

"లోపల ఉండింది యాడన్నా?"

"మీ ముడుపేనా? భద్రంగా ఉంది. పూజగదిలో పెట్టాం."

ఆమె అక్కడే నేలమీద కూలబడింది. "అది ముడుపు కాదన్నా. ఆయన ఎముక."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా అమ్మవారి కవచం, ఇంట్లో అస్థి, దానికి పది రోజులుగా దీపం! నోటికొచ్చింది అనేశాను. బుద్ధుందా అన్నాను. ఎవరింటి మైల ఎవరింట్లో పెడతావు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను, ఇక్కడ రాయలేను.

మా ఆవిడ లోపలి నుంచి వచ్చింది. "ఏందయ్యా ఆ అరుపులు? దీపం పెట్టింది నేను గదా? అమ్మవారు లేచిపోయిందా? నీ కవచం ముక్కు వంకర పోయిందా? ఆ బిడ్డ ఎట్ట వణికిపోతావుండాదో చూడు," అని ఆమె పక్కన కూర్చుని నీళ్లిచ్చింది.

నీళ్లు తాగి ఆమె చెప్పింది. అస్థికలు కలిపిన రోజు సముద్రానికి వెళ్లే దారిలో, కారులో అస్థికుండ ఆమె ఒళ్లో పెట్టారట. అందరూ ముందుకు చూస్తున్నప్పుడు చిటికెనవేలంత కూడా లేని ఒక ముక్క తీసి కొంగున కట్టుకుందట. బావగారు ఇల్లు శుభ్రం చేయిస్తున్నాడని, ఇంట్లో వదలడానికి భయపడి బొమ్మతోపాటే నా దగ్గరికి తెచ్చింది.

"ఆ దేశంలో వాళ్లు పెద్దల ఎముకల్ని పారెయ్యరన్నా. బుట్టలో దాచి, పైన ఈ బొమ్మను కాపలా పెడతారు. ఇసకతో రుద్ది రుద్ది మెరిపిస్తారు, ఆ మెరుపుకి చెడు దగ్గరికి రాదని. జబ్బొచ్చినా, దూరం పోవాల్సొచ్చినా ఆ బుట్ట దగ్గరికి పోయి పెద్దలకు చెప్పుకుంటారు. తర్వాత తెల్లోళ్లు వచ్చి బొమ్మల్ని ఎత్తకపొయినారు, చానా బుట్టలు కాలిపొయినాయి. ఇప్పుడు ఏ మ్యూజియంలో చూసినా బొమ్మ ఒక్కటే నిలబడుకోని ఉంటుందంట, కాచేదానికి ఏమీ లేకుండా. మా ఆయన ఎప్పుడు చెప్పినా ఆడికొచ్చి బాధపడేవాడు. మంచోడన్నా ఆయన."

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. కానీ ఆమె మాటల్లో ఆ అతిశయం లేదు. కోపం దిగాక నా గొంతు నాకే చెడ్డగా వినిపించింది.

"ఎముక ఉంచుకుంటే ఆయనకు గతి ఉండదంటారమ్మా," అన్నాను మెల్లగా.

ఆమె గోడమీద దండ వేసిన మా అమ్మ పటం వైపు చూసింది. "మీ అమ్మగారిని ఏం చేసినారన్నా?"

"ఈ సముద్రంలోనే కలిపాను. మొత్తం."

"మరి ఏడుపొచ్చినప్పుడు యాడికి పోతారు?"

సముద్రం మా ఇంటికి పది నిమిషాల నడక. అటువైపు వెళ్లి నాలుగేళ్లయింది.

ఆ సాయంత్రం తలస్నానం చేసి, పూజగది కడిగించి, అమ్మవారి ముందు చెంపలేసుకున్నాను. ఆమె పొట్లాన్ని మా ఆవిడ వరండాలో ఒక గూటిలో పెట్టింది. కవచం గుడికి అప్పగించిన మర్నాడు కొత్త రాగిరేకు తీశాను. బుట్టలోకైతే ఎవరైనా చెయ్యి పెట్టొచ్చని, దాని చోట, బొమ్మ కింది చెక్క సరిగ్గా దిగేట్టు ఒక పెట్టె చేశాను. వెనకవైపు చిన్న మూత, దానికి ఒకే ఒక శీల. తీయాలనుకున్న రోజున ఆమె చేత్తోనే వస్తుంది. ఆమె వచ్చి పొట్లాన్ని లోపల పెట్టుకుంటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. శీల మాత్రం నేనే బిగించాను.

బొమ్మను తీసుకెళ్లడానికి బావగారు కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, విభూతి, కఠినమైన మనిషి. బొమ్మ చుట్టూ తిరిగి చూశాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆయన కాదంటే బొమ్మతోపాటు లోపలున్నదీ పోతుంది. పెట్టెమీద వేలితో కొట్టాడు.

"ఇదేంది?"

"పీటండి. నిలబడేదానికి."

"లోపల?"

"బరువు సార్, పడిపోకుండా."

పుట్టి బుద్ధెరిగి పని విషయంలో అబద్ధమాడలేదు నేను. ఆయన బొమ్మ కిరీటం అంచును బొటనవేలితో తడిమాడు.

"ఎంత మోజుపడి తెచ్చుకున్నాడో వాడు. చుమ్మా, ఊరికే తిట్టినాను, దయ్యాన్ని తెచ్చినావని," అన్నాడు చివరికి. "ఉండనీలేమ్మా. హాల్లోనే పెడదాం."

ఆమె బొమ్మను ఎత్తబోయింది. "నువ్వుండు, మెట్లుండాయి. నేను పట్టుకుంటా," అని ఆయనే వంగి, కింద చెయ్యివేసి, ఎదకానించుకుని లేచాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక్కో మెట్టూ దిగాడు. ఆటోలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ రాగి పెట్టెమీద రెండు చేతులూ వేశాడు. ఆమె నా వైపు చూసి, ఇక దాచుకోకుండా ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

ఆటోవాడు ఒక్కసారిగా బండి ముందుకు ఉరికించాడు. "మెల్లిగా పోరా, రోడ్డంతా గుంతలు!" అని తమిళంలో వీధి అదిరేట్టు అరిచాను. అంత అరుపు దేనికో వాడికి అర్థంకాక తల బయటపెట్టి చూశాడు. బావగారు మాత్రం పెట్టెను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.