కంచె లోపల కురిసిన వాన

లుద్విక్ రతాయ్‌చాక్ నోట దుర్భాష విన్నవారు మా ఊరిలో లేరు. ఆయనకు కలిగిన అసహ్యం మాటల్లోకి దిగేది కాదు, ముక్కుపుటాల దగ్గరే ఆగిపోయేది. స్టాండ్లలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టును కంచె మీదుగా ఉమ్మేవారిని చూసినా, నిగనిగలాడే బూట్లతో ట్రాక్ మీదికి దిగి సిగరెట్ పీకను మడమతో నేలకు రాసే పెద్దమనుషులను చూసినా ఆ ముక్కు రవంత ముడుచుకునేది. వారు వెళ్ళాక ఆయన పార తీసుకుని వచ్చి అంతమేర మట్టిని ఎత్తి అవతల పారబోసేవాడు.

పోలెండ్ పడమటి మైదానాలలో మా ఊరివంటి ఊళ్ళకు చెప్పుకోదగిన కట్టడాలు రెండే: చర్చి, స్పీడ్‌వే స్టేడియం. ఆదివారం ఉదయం మొదటిది నిండుతుంది, సాయంత్రం రెండవది. శుద్ధమైన చేతులను గురించి ఉదయం పాడిన గొంతులే సాయంత్రం అవతలి జట్టువాడు కింద పడితే కేరింతలు కొడతాయి. బ్రేకులు లేని మోటారుసైకిళ్ళ మీద నలుగురు మనుషులు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ నాలుగు చుట్లు చుట్టే ఆ పందెంలో ప్రాణం నిలిచేది నేల మీద. నల్లరాతి పొడి, బంకమట్టి కలిపిన ఆ నేలను దున్ని, తడిపి, చదును చేయడమే లుద్విక్ జీవనం. అంతకు ముందు ఆయన ప్రభుత్వ వ్యవసాయక్షేత్రంలో ట్రాక్టరు నడిపేవాడు. క్షేత్రం మూతపడ్డాక స్టేడియంలో చేరాడు. ఎవరైనా ఆ సంగతి కదిపితే, దున్నడం మానలేదు, విత్తడమే మానేశాను అనేవాడు.

ఆయనకు పిల్లలు లేరు. పదహారేళ్ళ ప్రాయంలో క్లబ్బుకు వచ్చిన ఇరెక్ గవ్రోన్‌కు తొలినాళ్ళ నుండి అన్నం పెట్టింది లుద్విక్ భార్య సబీనా. ఇరెక్ వారిద్దరినీ బాబాయ్, పిన్నీ అని పిలిచేవాడు. అతడు చెడ్డ రైడరూ కాదు, గొప్ప రైడరూ కాదు. లీగు పందేలలో జట్టుకు అవసరమైన ఒకటి రెండు పాయింట్లు తెచ్చేవాడు. గోడల మీది బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ అంచున నిలబడేవాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ సీజను ప్రతి యేడూ దేశదేశాల్లో అర్హత పోటీలతో మొదలవుతుంది. వాటికి దేశం తరఫున పంపే పేర్లలో ఇరెక్ పేరు ఒక్కసారీ లేదు. ముప్పై ఎనిమిదో యేట ఇక ఉండదని అతడూ ఒప్పుకున్నాడు.

ఆ యేడు జూనులో ఒక అర్హత పోటీ మా ఊరికే వచ్చింది. ఊరి తరఫున స్థానం లోరెక్‌ది. అతడు మా క్లబ్బు వెలుగు. బ్యాంకు గోడ మీద నిలువెత్తు బొమ్మ ఉన్నవాడు. ఇరెక్ పేరును అదనపు రైడరుగా, ఆనవాయితీ కోసం రాశారు. పోటీకి వారం ముందు లీగు పందెంలో లోరెక్ పడి భుజం దగ్గరి కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అలా ఆ స్థానం ఇరెక్‌కు దక్కింది. అతడు గసగసాల కేకు తీసుకుని లుద్విక్ ఇంటికి వచ్చి, చివరివాడిగా ముగించినా ఫరవాలేదనీ, ఒక్కసారి ఆ పోటీలో తిరిగానని కూతురికి చెప్పుకుంటే చాలుననీ అన్నాడు. సబీనా అతని ఛాతీ మీద కట్టుకునే అంకె గుడ్డకు కొత్త నాడాలు కుట్టింది. లుద్విక్ మరునాటి నుండి ఒక గంట ముందుగా లేచి స్టేడియానికి పోవడం మొదలుపెట్టాడు.

గురువారం మధ్యాహ్నం క్లబ్బు చైర్మన్ మజూర్ ట్రాక్టరు షెడ్డులోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"లుద్విక్ గారూ, శనివారం ట్రాక్ కాస్త బరువుగా ఉంటే బాగుంటుంది."

"ఎంత బరువుగా అండీ?"

"పందెం జరగనంత."

మిగిలినది ఆయన నెమ్మదిగా, ఇంటి విషయం చెప్పినట్టు చెప్పాడు. శనివారం జరగకపోతే ఆదివారం జరిగే వీలు లేదు. రైడర్లందరికీ తమ తమ లీగుల పందేలున్నాయి. అప్పుడు పోటీ రెండు వారాలకు వాయిదా పడి చెక్ దేశానికి పోతుంది. ఈలోగా లోరెక్ ఎముకకు పలక బిగిస్తారు, అతడు తిరుగుతాడు, గెలుస్తాడు. ఊరికి పేరు వస్తుంది. ఇరెక్ మంచివాడే, కాని ఇరెక్ వల్ల ఎవరికి ఏమి వస్తుంది?

లుద్విక్ చేతిలోని పానాను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టాడు. "నేను నీళ్ళు కొట్టేది మనుషులు పడకుండా ఉండటానికండి," అన్నాడు. చైర్మన్ నవ్వాడు. మీరు చాలా అలసిపోయారు, రేపు సాయంత్రం ఇంటి పట్టునే ఉండండి అని చెప్పి వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. దారి పొడవునా పెరళ్ళలో క్యాబేజీ ఆకుల మీద దుమ్ము పేరుకుని ఉంది. స్టేడియం గేటు తీసి లోపలికి అడుగుపెట్టిన లుద్విక్‌కు ట్రాక్ కనిపించలేదు, మడుగు కనిపించింది. రెండవ మలుపు వద్ద నీరు కంచె పలకల దాకా నిలిచి, పోయిన పందెం నాటి గింజల పొట్టు, పీకలు, సాసేజ్ తిని ఎవడో పారేసిన ఆవముద్ద కాగితపు గిన్నె దాని మీద తేలుతున్నాయి. ఆయన వంగి చెయ్యి ముంచాడు. వారాలుగా పొర పొరగా గట్టిపరచిన నేల పులిసిన పిండిలా వేళ్ళ సందుల నుండి జారింది. బురద నుండి ఒక చవుడు వాసన లేచింది. కాలవ పక్కకు పోయి కడుపులో ఉన్న కాఫీ అంతా కక్కుకున్నానని ఆయన తరువాత సబీనాకు చెప్పాడు.

రాత్రి స్టేడియం ప్రాంతంలో అకస్మాత్తుగా భారీ వర్షం కురిసిందని క్లబ్బు ప్రకటించింది. ఊరు ఆ ప్రకటన విన్నది. రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడ్డవారు ఒకరినొకరు చూసుకుని కన్ను గీటారు. గొడుగు తెచ్చుకున్నావా అని ఒకడు అడిగితే, మా వీధిలో పడలేదు, మాకు టికెట్ లేదు అని మరొకడన్నాడు. అందరూ నవ్వారు. అబద్ధమని తెలియనివాడు ఒక్కడూ లేడు, సిగ్గుపడినవాడూ లేడు. చైర్మన్ ఒక్కడు చేసిన పనిని అంతమంది ఒక చమత్కారంగా పంచుకుని, నాలుక మీద తిప్పుకుని, రొట్టెతో పాటు ఇంటికి పట్టుకుపోయారు. కావ్యాల్లో బీభత్సరసానికి నెత్తురు, పేగులు, శ్మశానాలు చెబుతారు. ఆ ఉదయం రొట్టెల దుకాణంలో వాటి అవసరమేమీ కలగలేదు.

లుద్విక్ ట్రాక్టరుకు మట్టి గీకే ఇనుప పలక తగిలించాడు. పై బురదనంతా గీకి కంచె వైపు తోశాడు. నీటికి గండ్లు కొట్టాడు. షెడ్డు వెనుక టార్పాలిన్ కింద దాచుకున్న పొడి మట్టిని తొట్టెలతో తెచ్చి పరిచాడు. సబీనా వేడి సూప్ సీసా, పార పట్టుకుని వచ్చింది. మడుగు అంచున పారను గుచ్చి నిలబెట్టింది.

"వాన మన కంచె లోపలే పడిందట కదా," అంది. "దేవుడు కూడా సీజను టికెట్ తీసుకున్నాడన్నమాట."

"ఆయన్ని ఇందులోకి లాగకు. పార అందుకో."

తొమ్మిదింటికి ఇరెక్ వచ్చాడు. సంగతి అతనికి అప్పటికే తెలిసింది. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి దిగాడు. రెండవ మలుపు అంతా అతడే గొర్రుతో లాగాడు. మడమలతో తొక్కి చూశాడు. మెత్తగా తగిలిన చోటల్లా తన చేతులతో తవ్వి పొడి మట్టి నింపాడు. ముగ్గురూ కంచెకు ఆనుకుని రొట్టె, పందికొవ్వు, ఊరవేసిన దోసకాయ తిన్నారు. మధ్యాహ్నానికి ఎండ పనిచేసింది. నేల నల్లగా, గట్టిగా, పైన రవంత పొడితో లేచింది. బాబాయ్, నువ్వు చచ్చినవాణ్ణి కూడా లేపేట్టున్నావు అని ఇరెక్ అన్నాడు. లుద్విక్ ముఖంలో అరుదుగా కనిపించే నవ్వు ఆనాడు కనిపించిందని సబీనా చెబుతుంది.

అప్పుడే కాఫీకి రమ్మని చైర్మన్ ఇరెక్‌ను గదికి పిలిపించాడు. ఆ గదిలో జరిగింది ఇరెక్ నోటనే తరువాత బయటపడింది. ఈ సీజనుతో అతడిని తీసేయాలని క్లబ్బు అనుకుంటున్నది. అయితే రెండేళ్ళకు కొత్త ఒప్పందం ఇవ్వడానికి చైర్మన్ సిద్ధం. ట్రాక్ సంగతి రిఫరీ అడిగితే ఒక్క మాట చెప్పాలి, అంతే. బైబిలు కథలో పొలం నుండి ఆకలితో వచ్చిన ఒక అన్న చిక్కుడు కూర గిన్నెకు తన జ్యేష్ఠత్వాన్ని ఇచ్చేశాడు. అతడు నిజంగా ఆకలితోనైనా ఉన్నాడు. ఇరెక్ గది నుండి వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా బురద కడుక్కుని, బాబాయ్ వైపు చూడకుండా రైడర్ల గదిలోకి వెళ్ళిపోయాడు.

రిఫరీ డెన్మార్క్ మనిషి, పొడగరి, జాగ్రత్తపరుడు. రైడర్లతో కలిసి ట్రాక్ చుట్టూ నడిచాడు. ఫిన్లండ్ రైడరు రెండవ మలుపులో రెండు కాళ్ళతో ఎగిరి దూకి చూసి, ఇంతకన్న చెడ్డ చోట్ల పడుకుని నిద్రపోయానన్నాడు. స్లొవేనియా రైడరు తల ఊపాడు. మిగిలినవారు భుజాలెగరేశారు. కంచె వద్ద కుప్పలుగా ఉన్న బురద రిఫరీని కలవరపెట్టింది. ఈ నేలను ఎరిగినవాడిని అడుగుదామని ఇరెక్ వైపు తిరిగాడు. లుద్విక్ నాలుగు అడుగుల దూరంలో గొర్రు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇరవై ఏళ్ళుగా నీ ట్రాక్ ఇది. తిరుగుతావా?"

ఇరెక్ నేలను చూశాడు. "రెండో మలుపు బయటికి గట్టిగానే కనిపిస్తుంది," అన్నాడు. "అడుగున అంబలి. మనిషిని ఎత్తి కంచెకి కొడుతుంది. నేను తిరగను."

సొంత ఊరివాడే తిరగనంటే పరాయివాళ్ళ ప్రాణాలతో నేనెలా ఆడతానని రిఫరీ పోటీని రద్దు చేశాడు. ఆయన తప్పేమీ లేదు. జనం కాసేపు ఈల వేశారు. తరువాత సాసేజ్ పొయ్యిల దగ్గర వరుస కట్టారు. చైర్మన్ మైకు ముందు నిలబడి ప్రకృతి ముందు మనమెంత అన్నాడు. గింజల పొట్టు ఉమ్ముతూ అందరూ వెళ్ళిపోయారు.

లుద్విక్ గేటు లోపలి గడియ వేసి రైడర్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇరెక్ సామాను సర్దుకుంటున్నాడు. మెకానిక్ వ్యాను తేవడానికి వెళ్ళాడు.

"బండి ఉందిగా, తీయి," అన్నాడు లుద్విక్.

"బాబాయ్, నాకు కూతురుంది. ఇంటి అప్పుంది. వచ్చే యేడు నేనేం చేయాలి, పెట్రోలు బంకులో నిలబడాలా?"

"నేనదేమీ అడగలేదు. మనిషిని కంచెకి కొడుతుందన్నావు. కొట్టనీ, చూస్తాను."

ఇరెక్ సర్దిన సంచి మళ్ళీ తెరిచాడు. హెల్మెట్ తీసుకున్నాడు. బండిని తోస్తే తప్ప అంటుకోదు. లుద్విక్ తానే వెనక నుండి తోశాడు. పొద్దు ఇంకా వాలలేదు. ఖాళీ స్టాండ్ల మధ్య ఒక్క బండి మోత రెండింతలైంది. మొదటి చుట్టు ఇరెక్ లోపలి గీతను పట్టుకుని భయంభయంగా తిరిగాడు. రెండవ చుట్టులో రెండవ మలుపుకు వచ్చేసరికి చెయ్యి తానే తిరిగినట్టుంది, బండిని పూర్తిగా బయటికి, కంచె పక్కకు వదిలాడు. నేల పట్టింది. వెనక చక్రం నల్లని విసనకర్రలా మట్టిని చిమ్ముతూ మలుపంతా ఒకే వంపులో తిరిగి, ఎక్కడా తడబడకుండా తిన్నని దారిలోకి విసిరింది. మూడవ చుట్టూ అంతే. నాలుగవ చుట్టు మరీ. ఇరవై రెండేళ్ళలో అతడంత బాగా తిరగగా ఎవరూ చూడలేదు, ఆనాడూ లుద్విక్ ఒక్కడే చూశాడు.

ఇరెక్ బండి ఆపి హెల్మెట్ తీశాడు. కళ్ళద్దాల చుట్టూ ముఖం నల్లగా, కళ్ళ కింద తడిగా ఉంది. పందెం అయ్యాక ట్రాక్ మనిషికి చెయ్యి ఇవ్వడం వాళ్ళ అలవాటు. చేతి తొడుగు విప్పి చెయ్యి చాచాడు.

"బాగుంది బాబాయ్. ఎప్పుడూ ఇంత బాగా లేదు. నన్ను తిట్టు."

లుద్విక్ ఆ చేతి వైపు చూశాడు. పొద్దున మట్టిలో తవ్విన వేళ్ళు; గోళ్ళ కింద ఆ నలుపు పూర్తిగా పోలేదు.

"తిట్టడానికి కోపం రావాలిరా," అన్నాడు. "నాకు రావడం లేదు. వాంతి వస్తోంది."

ఆయన గేటు గడియ తీసి బయట నిలబడ్డాడు. ఇరెక్ బండిని తోసుకుంటూ ఆయన పక్క నుండి వెళ్ళిపోయాడు. ప్రతి పందెం తరువాత చక్రాల గుర్తులు చెరిపి నేలను చదును చేయనిదే ఇంటికి పోని మనిషి, ఆనాడు ట్రాక్టరు ముట్టుకోలేదు. తాళం వేసి, తాళంచెవిని ఆఫీసు ఉత్తరాల పెట్టెలో జారవిడిచి, సబీనా ఎదురుచూస్తున్న ఇంటికి నడిచిపోయాడు.

ఆదివారం లీగు పందేనికి తలుపులు తెరిచినప్పుడు రెండవ మలుపులో కంచె వెంబడి ఒకే ఒక చక్రపు గీత, ఎక్కడా తెగకుండా, ఎండకు ఆరి ఉంది. ముందుగా వచ్చినవారందరూ దాన్ని చూశారు. శనివారం జనం వెళ్ళాక ఖాళీ స్టేడియంలో మోగిన ఒక్క బండి మోతనూ, చివరగా బయటికి వచ్చింది ఇరెక్ అన్న సంగతినీ ఊరు ఎరుగును. అది ఎప్పటిదో, ఎవరిదో తెలియనివాడు వారిలో ఒక్కడూ లేడు. ఈసారి ఎవరూ హాస్యమాడలేదు. తలలు తిప్పుకుని, జేబుల్లోంచి గింజలు తీసి కొరకడం మొదలుపెట్టారు.