లమయక్క ఇవ్వని దండ

చియాంగ్ మై వెళ్లే కొండదారిలో ఉన్న మా బాన్‌దోయ్ స్టేషన్లో టికెట్లు అమ్మీ అమ్మీ రిటైరయ్యాను. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం నావల్ల కాక, శనివారాలు ఊరు చూడవచ్చినవాళ్లను పట్టాల వెంట నడిపిస్తున్నాను. ఆవిరి ఇంజన్లకు నీళ్లు పట్టిన ట్యాంకు, సిగ్నల్ గది, డ్రైవర్ల పాత క్వార్టర్లు, చివరికి షెడ్డు. గొంతు పోయేలా ఇంత చరిత్ర చెబుతానా, ఒక్కరూ నా మొహం చూడరు, ఫోన్లే చూసుకుంటారు. షెడ్డు దగ్గర లమయక్క నోరు విప్పిందంటే మాత్రం ఫోన్లన్నీ జేబుల్లోకి పోతాయి. మొదట్లో నాకు ఒళ్లు మండేది.

లమయక్క స్టేషన్ గేటు పక్కన మల్లెమొగ్గల దండలు గుచ్చి అమ్ముతుంది. మా దగ్గర దండ లేకుండా ఏ ఇంజనూ కొండ ఎక్కదు. ఇంజనులో అమ్మవారు ఉంటుంది, మే యా నాంగ్ అంటాం. బయల్దేరే ముందు డ్రైవరు వాడిన దండ తీసేసి, కొత్తది కట్టి దణ్ణం పెట్టుకోవాలి. వాడిన దండతో బండి తీయడమంటే ఆ తల్లికి పాచి అన్నం వడ్డించినట్టే. అక్క మొగుడు ప్రయూన్ డ్రైవరు. పొద్దున్నే గుచ్చిన మొదటి దండ ఎప్పుడూ ఆయనదే. ఆయన నడిపిన డీజిల్ ఇంజను ఇప్పుడు షెడ్డులో ఊరికే నిలబడి ఉంది. నా నడక అక్కడే ముగుస్తుంది. అక్క దానికి దండ కట్టి, "నా చేతి దండ లేకుండా మా ఆయన ఒక్కరోజు కూడా బండి కదిలించలేదు" అంటుంది. వచ్చినవాళ్లు కరిగిపోయి ఫోటోలు తీసుకుంటారు.

అది అబద్ధం. స్టేషన్లో పాతవాళ్లందరికీ తెలుసు.

అప్పట్లో ఎదురుగా సమ్‌లీ అనే పడుచుపిల్ల కూడా దండల కొట్టు పెట్టింది. ఒక రోజు ప్రయూన్ బండెక్కబోతూ అక్క దగ్గర నిలబడి, అటు చూసి, "ఆ పిల్ల మొగ్గలు ఎంత బిగుతుగా గుచ్చిందో చూడవే" అన్నాడు. అనకూడని మాట, అందులోనూ పొద్దున్నే! అక్క చేతిలో ఉన్న దండ బుట్టలో పడేసింది.

"అంత ముచ్చటగా ఉంటే వెళ్లి ఆ పిల్లనే అడుక్కో. నా దండ నీ ఇంజనుకు పట్టదు."

"నిజంగా అడుగుతానే!"

"అడుగు. నాకేం, దిష్టి తీస్తా ఇద్దరికీ!"

ఆయన నవ్వుకుంటూ షెడ్డు వైపు వెళ్లాడు. సమ్‌లీ కొట్టూ అటే. టికెట్ కిటికీలోంచి చూసి నేనూ నవ్వాను. మొగుడూపెళ్లాల గొడవ, రేపు వచ్చేసరికి చల్లారుతుంది అనుకున్నాను.

ఆ రాత్రి చియాంగ్ మైలో డ్రైవర్ల విడిదిలో ప్రయూన్ నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఊరు మాత్రం దండ లేకుండా వెళ్లాడట, అమ్మవారు ఊరుకుంటుందా అంది. ఊరి నోటికి తాళం వేసేదెవరు? పక్కన కూర్చుని బండి నడిపిన చిన్న డ్రైవరు జమ్రత్‌ను అక్క తేరుకోకముందే, ఆ నెలలోనే దేశానికి దక్షిణపు కొసకు బదిలీ చేశారు. సమ్‌లీ పెళ్లి చేసుకుని ఎటో వెళ్లిపోయింది. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

అక్క నన్నే అడిగేది. "సమ్‌లీ దగ్గర కొనుక్కునే ఉంటాడు, కదూ?"

అసూయ ఇంకా చావలేదు ఈవిడకు అని మొదట విసుక్కున్నాను. కొన్నేళ్లకు గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆవిడ అది నిజం కావాలని మొక్కుకుంటోంది. మొగుడు ఎదురుకొట్టుకు వెళ్లి ఉండాలని మొక్కుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? మా లమయక్క ఉంది. ఆ కొట్టులో కొన్నాడని తేలితే, చేతులారా మొగుణ్ణి చంపుకున్నాననే బాధ ఆవిడకు తప్పుతుంది.

మొన్న శనివారం గుంపులో చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. షెడ్డులో అక్క దండ కట్టి, తన మాట చెప్పడం అయ్యాక ముందుకొచ్చాడు.

"వదినా, గుర్తుపట్టలేదా? జమ్రత్‌ని. అన్న పక్కన కూర్చునేవాణ్ణి."

అక్క బాగున్నావా అని కూడా అనలేదు. "ఆ రోజు సమ్‌లీ దగ్గర కొన్నాడు కదా? చెప్పు."

ఇంతమంది ముందు ఏమిటిదని నేను అడ్డం పడ్డాను. "పదండి, పదండి, స్టేషన్లో మీకు కాఫీ పెట్టించాను, చల్లారిపోతుంది..."

"నువ్వు ఊరుకోవే!" అని కసిరింది అక్క.

జమ్రత్ నవ్వాడు. మంచి కబురు మోసుకొచ్చానన్న సంబరం ఆయన మొహంలో. "అబ్బే, లేదు వదినా. నేను పరిగెత్తి తెస్తానంటే పోనివ్వలేదు. 'వద్దురా, ఇంకొకరి దండ కడితే మీ వదిన కళ్లనీళ్లు పెట్టుకుంటుంది' అన్నాడు. ముందురోజు మీరిచ్చిన దండే ఉంచేశాడు. వాడిపోయింది కదా, సీసాలో నీళ్లు చల్లాడు. 'ఒక్కరోజు ఓర్చుకో తల్లీ, రేపు రాగానే నా పెళ్లాం చేత రెండు కట్టిస్తా' అని దణ్ణం పెట్టుకున్నాడు."

అక్క మొహం చూశాక ఆయన నవ్వు ఆగిపోయింది.

అక్క ఇంజను వైపు తిరిగింది. "కొనుక్కోవలసింది కదయ్యా. నేను ఏదో అన్నానని వాడిన దండతో వెళ్తావా? సమ్‌లీ దగ్గర కొనుక్కోవలసింది. నేను ఏడిస్తే ఏడ్చేదాన్ని, రెండు రోజుల్లో మర్చిపోయేదాన్ని." ఇంజను రేకు మీద చెయ్యి ఆనించింది. ఇన్నేళ్లూ 'కొనే ఉంటాడక్కా' అంటూ వచ్చింది నేనే.

తర్వాత అక్క గుంపు వైపు చూసింది. "ఇందాక నేను చెప్పింది అబద్ధం బాబూ. ఆ రోజు దండ నేను ఇవ్వలేదు."

అని కింద చతికిలబడి బుట్ట దగ్గరకు లాక్కుంది. ఇంజనుకు అప్పటికే ఒక దండ వేలాడుతోంది. అక్క సూదికి దారం ఎక్కించి, మొగ్గలు ఏరి, రెండోది గుచ్చడం మొదలుపెట్టింది. మొగ్గలు ఒళ్లోంచి జారి రాలిపోతుంటే జమ్రత్ కర్ర పక్కన పెట్టి, వంగి ఒక్కొక్కటీ ఏరి అందించాడు. చాలాసేపు పట్టింది. నేను ఎవర్నీ తొందరపెట్టలేదు.