అభిప్రాయం చెప్పనిదే పుస్తకం లేదు

మా మేనత్త అద్దె పుస్తకాల షాపు నడిపేది. అందరికీ ఆవిడ పుస్తకాలత్త. షాపులో ఒకటే చట్టం: చదివిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు చెబితేగాని ఇంకోటి చేతికి రాదు. ఆ నాలుగు ముక్కలు విని, మనిషిని పసిగట్టి, తర్వాతి పుస్తకం తనే తీసిచ్చేది. "పుస్తకం గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ అబద్ధమాడలేరే" అనేది నాతో. ఆ ధీమా చూస్తే నాకు ఒళ్ళు మండేది.

కండక్టరు తల్లికి పల్లె ప్రేమకథలంటే ప్రాణం. "గట్టు మీద కూర్చుని ఊసులాడుకుంటూనే ఉన్నారు, మరి గొడ్లకి మేత ఎవరేశారమ్మా?" అంటూనే ఇంకోటి పట్టుకెళ్ళేది. రిటైరైన టీచరమ్మ పాత రచయితల జీవితచరిత్రలు తప్ప ముట్టదు. "అరవై పుస్తకాలు రాశాడు సరే, అన్నేళ్ళు వండిపెట్టినావిడ పేరు ఒక్కచోటా లేదేం?" అని మా మీద విరుచుకుపడేది, మేమేదో చెరిపేసినట్టు.

మందుల షాపాయన భార్య కూడా మొదట్లో ప్రేమకథలే చదివేది. ఉన్నట్టుండి డిటెక్టివ్ నవలలకి మళ్ళింది. "ఆ పాలు తాగేముందు వాసన చూడాల్సింది" అంది ఒకసారి. "కొంచెం కొంచెంగా పెడితే డాక్టరు కూడా కనిపెట్టలేడా? నిజమే రాశాడంటారా?" అంది ఇంకోసారి, వీధి వైపు చూస్తూ. బాగా చిక్కిపోయింది. చేతులు వణికేవి. తలకి గుడ్డ చుట్టుకుని వచ్చేది.

ఆమె అలా వెళ్ళగానే అత్త గొంతు తగ్గించింది. "దాని వాలకం చూశావా? మొగుడికి ఏదో పెట్టబోతోంది."

"జబ్బు మనిషిలా ఉంది అత్తా."

"మనసులో పాపముంటే ఒంటికి తిండి పడుతుందా? నీకేం తెలుసు, ఊరుకో."

తర్వాతిసారి ఆమె వస్తే, డిటెక్టివ్‌లన్నీ బయటికెళ్ళాయని అత్త అబద్ధమాడింది. ఆమె కదల్లేదు. "ఒక్కటైనా లేదా అండీ? చివరికి మనిషి బతికి బయటపడేది?"

అత్త ఆమె చేతిలో ఒక ప్రేమకథ పెట్టి పంపేసింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. "బాబూ, మీ ఆవిడ పెట్టేది కాస్త చూసుకుని తిను" అని, తను విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. చేతులు జోడించాడు. పెళ్ళాం విషం పెడుతుందంటే ఏ మొగుడైనా ఉలిక్కిపడతాడు. ఆయన పడలేదు. నాకెందుకో భయమేసింది, అత్తేమో ఒక ప్రాణం కాపాడానని పొంగిపోయింది.

వారం తిరక్కుండా ఆయనే వచ్చి ప్రేమకథ బల్ల మీద పెట్టాడు. "ఇక మా ఆవిడ చదవదండీ. మీరు చెప్పబట్టి తెలిసింది. ఇప్పుడు వంట కూడా నేనే చేసి పెడుతున్నా."

"పుస్తకం ఎలా ఉందంది?" అత్త అలవాటు కొద్దీ అడిగింది.

ఆయన నవ్వాడు. "సగంలో ఆపేసింది. మంచం దిగడం లేదు."

ఆయన వెళ్ళాక అత్త ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. "ఆ పిల్ల ఎప్పుడూ చచ్చినవాళ్ళ తరఫునే మాట్లాడిందే. ఎలా చంపాలని ఒక్కసారైనా అడిగిందా? ఎలా తప్పించుకోవాలనే అడిగింది. నేనే పోయి దాన్ని వాడి చేతికి అప్పగించొచ్చాను."

మా షాపు అలా తెరిచి వదిలేసి వాళ్ళింటికి పరుగెత్తాం. ఆ ఇంటికి బయట తాళం వేసుంది. అత్త తలుపు బాదింది. "అమ్మాయ్, నేను, పుస్తకాలత్తని!"

ఎంతకీ పలుకు లేదు. చివరికి తలుపుకి అవతల, నేల దగ్గర్నుంచి, ఎండిపోయిన గొంతు వినిపించింది. "తాళం ఆయన దగ్గరుందండీ. వెళ్ళిపోకండి."

అత్త గోడ పక్క రాయి అందుకుని తాళం మీద కొట్టడం మొదలెట్టింది. ఇరుగుపొరుగుని పిలవడానికి వెనక్కి తిరిగాను. వీధి చివర ఆయన స్కూటరు మలుపు తిరుగుతోంది. అత్త చూడలేదు. నేను వెళ్ళి దారికి అడ్డంగా నిలబడి, గొంతు చించుకుని అరిచాను.